‘అమృతం’ మళ్ళీ చూస్తుంటే నవ్వు రావడం లేదు

ప్రశ్న: మాది ఖమ్మం. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాము. 2001లో జెమినీ టీవీలో ‘అమృతం’ హాస్య సీరియల్ మొదలైనప్పుడు నేను ఐదో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసేవారు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అమ్మ, నాన్న, అక్క, నేను కంచాలు ముందు పెట్టుకుని టీవీ ఎదుట కూర్చునేవాళ్ళం. మేము అద్దెకుండేవాళ్ళం, ఇంటి ఓనరు పై అంతస్తులో ఉండేవారు. సీరియల్లో ఇంటి ఓనరు అప్పాజీ వచ్చాడంటే చాలు, నాన్న పగలబడి నవ్వేవారు. ‘మెల్లగా నవ్వండి, పైకి వినబడుతుంది’ అని అమ్మ చేత్తో సైగ చేసేది. నాన్న పోయి మూడేళ్ళయింది. ఈమధ్య యూట్యూబులో ఆ ఎపిసోడ్లు కనబడితే, అందరూ పడుకున్నాక ఫోనులో వరసపెట్టి చూడడం మొదలుపెట్టాను. ఒక్కో రాత్రి ఆరేడు చూస్తున్నాను కాని నవ్వు రావడం లేదు. అమృతం వేషం వేసిన నటుడు మధ్యలో మారిపోతుంటే చిరాకుగా ఉంది. భార్యల మీద వేసే కొన్ని జోకులకు ఒళ్ళు మండుతోంది. పదేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే ‘వీళ్ళంతా ఎందుకు అరుచుకుంటున్నారు?’ అని ఐదు నిమిషాల్లో లేచిపోయింది. మాతోనే ఉంటున్న అమ్మ టైటిల్ పాట వినబడగానే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అక్క డాలస్‌లో ఉంది; దానికి చెబితే ‘నేను చూడలేను’ అంది. ‘ఇంత బాధపడుతూ చూడడమెందుకు, మానెయ్యి’ అని మావారు అంటున్నారు. ఇలాగే చూస్తూ పోతే ఉన్న జ్ఞాపకం కూడా చెడిపోతుందేమోనని భయంగా ఉంది. మానేయమంటారా?

— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: చూడడం మానవలసిన అవసరం లేదు, చూస్తున్న పద్ధతి మాత్రం మార్చుకోవాలి. మీరు నాలుగైదు ఇబ్బందులను కలిపి ఒకే ఇబ్బందిగా రాశారు కనుక అది కొండంతగా కనబడుతోంది. నవ్వు రాకపోవడానికి ఒక కారణం ఉంది, కొన్ని జోకులు నచ్చకపోవడానికి వేరొక కారణం ఉంది, మీ అమ్మగారు లేచి వెళ్ళిపోవడానికి మరొక కారణం ఉండి ఉంటుంది. వీటిలో కొన్నింటికి మీ నాన్నగారు లేని లోటుతో సంబంధమే లేదు. ముందుగా వాటిని పక్కకు తీసి చూద్దాం.

‘అమృతం’ 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న ముగిసింది. ఆరేళ్ళలో 313 ఎపిసోడ్లు వచ్చాయి, అంటే వారానికి ఒక్కటే. మీరు రాత్రికి ఏడేసి చొప్పున చూస్తే ఆ ఆరేళ్ళ సీరియల్ నెలన్నరలో అయిపోతుంది. గుణ్ణం గంగరాజు గారూ ఆయన బృందమూ ఆ కథలను అల్లింది, ఒక ఆదివారం చూసినవాళ్ళు మళ్ళీ వచ్చే ఆదివారం దాకా తమ తమ పనుల్లో పడి ఉంటారన్న లెక్కతోనే. తేలికగా డబ్బు సంపాదించే ఆలోచన ఒకటి అమృతానికి తడుతుంది. అతని మిత్రుడు ఆంజనేయులు గొణుక్కుంటూనే అందులోకి దిగుతాడు. వాళ్ళ హోటల్లో పనిచేసే సర్వం తనకు చెప్పిన పనిని తనకు అర్థమైన తీరులో చేసి పెడతాడు. చివరికి మిత్రులిద్దరూ చేతులు కాల్చుకుని తమ హోటలు అమృత విలాస్ గల్లాపెట్టె దగ్గరికే తిరిగి వస్తారు. వారం రోజులు గడిచిన మనిషికి ఈ క్రమం తిరిగి కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే ఈలోగా అతడు కూడా తన చేతులు ఏదో ఒక చోట కాల్చుకునే ఉంటాడు. ఒకే రాత్రి ఏడు కథలు చూసినవారికి మాత్రం మూడో కథ నుంచే లోపలి చట్రం కనబడిపోతుంది. ఏ మలుపు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిపోయాక నవ్వు ఎంత మంచి నటులకైనా అందదు. అది సీరియల్ పాతబడడం వల్ల వచ్చిన లోపం కాదు, మీ మనసు మొద్దుబారడం వల్ల వచ్చినది అంతకంటే కాదు. ఈనాటి హాస్యాన్నైనా అదే మోతాదులో చూస్తే అదే జరుగుతుంది.

నటులు మారడం గురించి మీరు రాసినది కూడా ఇక్కడికే చెందుతుంది. అమృతం పాత్రను మొదట శివాజీరాజా గారు, తరువాత నరేష్ గారు, ఆపైన హర్షవర్ధన్ గారు పోషించారు. అమృతం భార్య సంజీవనిగా మొదట ఝాన్సీ గారు కనిపించారు, తరువాత ఆ పాత్రకూ వేరే నటీమణులు వచ్చారు. వారానికొకసారి చూసిన రోజుల్లో కొత్త ముఖం కనబడిన ఆదివారం ఇంట్లో కాసేపు చర్చ జరిగేది, రెండు మూడు వారాలకు అలవాటైపోయేది. ఇప్పుడు మీరు ఆ మార్పును ఒక్క గుటకలో మింగవలసి వస్తోంది. కాబట్టి వరస సంఖ్యల ప్రకారం చూడాలన్న పట్టుదల వదిలేయండి. కథలు దేనికది విడిగా నిలుస్తాయి. మీకు ఎక్కువగా గుర్తున్న అమృతం ఎవరో చూసుకుని, ఆయన ఉన్న ఎపిసోడ్లలోనే ఉండండి.

ఇంకొక మాట కూడా చెప్పాలని ఉంది. అమృతం మారినా ఆంజనేయులు మారలేదు. గుండు హనుమంతరావు గారే చివరిదాకా ఉన్నారు. సర్వంగా వాసు ఇంటూరి గారు, అప్పాజీగా శివన్నారాయణ గారు కూడా అలాగే మనకు ముద్రపడిపోయారు. హనుమంతరావు గారు విజయవాడలో నాటకాలు వేసి సినిమాల్లోకి వచ్చినవారు. ఆయన మాట్లాడుతున్నప్పుడు కంటే మాట్లాడకుండా ఉన్నప్పుడు చూడండి. అమృతం తన పథకాన్ని ఉత్సాహంగా వివరిస్తూ ఉంటే, పక్కన నిలబడ్డ ఆయన ముఖంలో ముందు నమ్మకం, వెనకాలే అనుమానం, ఆ తరువాత ‘సరే, ఎలాగూ తప్పదు కదా’ అనే లొంగుబాటు ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి. మనం నవ్వవలసిన చోట తాను నవ్వకుండా ఉండడం, ఎదుటి నటుడి మాట పూర్తయ్యేదాకా తొందరపడకుండా ఆగడం రంగస్థలం మీద దీర్ఘకాలం నిలబడినవారికే వస్తుంది. పదేళ్ళ వయసులో మీరు ఈ పనితనాన్ని గమనించి ఉండరు. మీకు అప్పుడు అక్కర్లేదు కూడా. ఇప్పుడు గమనించగలరు. ఆయన 2018 ఫిబ్రవరి 19న కన్నుమూశారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ పేరుతో జీ5 ఓటీటీలో ఈ కథలను తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆంజనేయులు పాత్రను ఎల్.బి.శ్రీరామ్ గారు చేశారు. ఆయన గొప్ప నటుడే అయినా చాలామంది పాత ప్రేక్షకులకు మొదటి కొద్ది నిమిషాలు గొంతు పట్టేసింది. ఒక పాత్రకు మనం అంతగా అలవాటు పడి ఉంటాము.

ఇక మీరు చూస్తున్న వేళ, చూస్తున్న చోటు గురించి. అర్ధరాత్రి, అరచేతిలో ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పక్కన అందరూ నిద్రలో ఉన్నారు. ఒకవేళ నవ్వు వచ్చినా ఎవరైనా లేస్తారేమోనని మీరే ఆపుకుంటారు. నవ్వును గురించి ఏళ్ళ తరబడి పరిశోధించిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఇతరులతో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని గమనించాడు. అందువల్ల ఒంటరిగా చూసి నవ్వు రాలేదని అనుకోవడంలో విచిత్రమేమీ లేదు. 2020లో లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ వారు రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను మార్చి 28 నుంచి మళ్ళీ ప్రసారం చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1987 జనవరిలో మొదలై 1988 జులైలో ముగిసిన ఆ సీరియల్ నిడివి, వేగం, ట్రిక్ షాట్లు ఈనాటి కంటికి ఆనేవి కావు. అయినా పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి అని వేళ నిర్ణయించి వేసేసరికి ఇళ్ళలో మూడు తరాలవాళ్ళు ఒకే గదిలో చేరి చూశారు. హిందీ రాని పెద్దవాళ్ళకు ఆనాడు పిల్లలు తెలుగులో చెప్పినట్టే ఈసారి మనవలు చెప్పారు. అదే ‘రామాయణ్’ అంతకు ముందు కూడా కావాలనుకున్నవారికి దొరుకుతూనే ఉంది. ఎవరికి వారు విడివిడిగా వెతుక్కుని చూడవలసిన రోజుల్లో మాత్రం అంత సందడి లేదు.

కాబట్టి ఫోను పక్కన పెట్టి హాల్లో పెద్ద టీవీలో చూడండి. అలా పెట్టేటప్పుడు ఒక చిన్న సంగతి చూసుకోండి. ఆనాటి టీవీ తెర నిష్పత్తి 4:3. ఇప్పటి టీవీలు వెడల్పు తెరవి. సెట్టింగు ‘ఫుల్’ లేదా ‘స్ట్రెచ్’ మీద ఉంటే మనుషులు అడ్డంగా సాగిపోయి లావుగా కనబడతారు. ‘జూమ్’ మీద ఉంటే తలలూ కాళ్ళూ తెగిపోతాయి. దానిని 4:3కి మార్చి, రెండు పక్కలా వచ్చే నల్లపట్టీలను అలా ఉండనివ్వండి. మన దేశంలో అప్పటి ప్రసారం బొమ్మలో కనబడే గీతలు 576 మాత్రమే కనుక యాభై అంగుళాల తెర మీద అది కొంత మసకగానే ఉంటుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే సరిపోతుంది. ఇవి చిన్న విషయాలుగా కనబడవచ్చు కాని, ముఖకవళికల మీద నడిచే హాస్యానికి ముఖం సరైన ఆకారంలో కనబడడం ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినవి, పై అంతస్తులో ఓనరుండగా మీ నాన్నగారు అప్పాజీని చూసి పగలబడి నవ్వడం, మీ అమ్మగారు చేత్తో సైగ చేయడం గురించి రాసిన ఆ రెండు వాక్యాలు.

ఐదో తరగతి పిల్లకు ‘అమృతం’లోని హాస్యంలో సగం అందే అవకాశమే లేదు. అందులోని చిక్కులన్నీ డబ్బుకు సంబంధించినవి, అంటే పెద్దవాళ్ళవి. అద్దె బాకీ, నడవని హోటలు, అప్పిచ్చినవాడి మొహం తప్పించడం, భార్యకు తెలియకుండా పెట్టిన ఖర్చు, త్వరగా ధనవంతులం కావాలన్న ఆరాటం. వీటిలో ఏది మీకు అప్పుడు తెలుసు? అయినా మీరు నవ్వారు. పెద్దవాళ్ళతో కలిసి చూసే పిల్లలు తెరను ఎంత చూస్తారో పక్కనున్న పెద్దవాళ్ళ ముఖాన్నీ అంతే చూస్తారు. ఎక్కడ నవ్వాలో వాళ్ళకు అక్కడి నుంచే తెలుస్తుంది. మీ నవ్వుకు లయ అందించింది మీ నాన్నగారు. ఆ లయ లేకుండా మీరు మొదటిసారి చూస్తున్నారు కనుక, ఒక రకంగా ‘అమృతం’ను మీరు ఇప్పుడే మొదటిసారి స్వయంగా చూస్తున్నారని చెప్పాలి. అందుకే అది మీకు తెలిసిన సీరియల్ లాగా లేదు.

మరి ఆయన ఎందుకంత నవ్వేవారు? ఇది మీరు ఇప్పుడు మాత్రమే అడగగల ప్రశ్న. మిర్చి యార్డులో గుమాస్తా పని అంటే సీజనులో తెల్లవారకముందే వెళ్ళి, బస్తాల మధ్య ఘాటుకు తుమ్ముతూ దగ్గుతూ కాటా చీటీలు రాసి, రైతుకూ వ్యాపారికీ మధ్య నిలబడి ఇద్దరి మాటలూ పడే పని. ఇంటికి వస్తే పైన ఓనరు. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది: నీళ్ళ మోటారు ఎంతసేపు వేశారు, చుట్టాలు ఎన్ని రోజులున్నారు, గోడకు మేకు ఎందుకు కొట్టారు, రాత్రి గేటు ఎన్నింటికి వేశారు అన్న ప్రతి విషయంలోనూ ఇంకొకరి మొహం చూసి బతకాలి. ఎదురు చెప్పడానికి ఉండదు, ఎందుకంటే ఇల్లు ఖాళీ చేయమంటే బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలతో ఇంకొక ఇల్లు వెతుక్కోవాలి. అటువంటి మనిషికి వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, తన ఇంట్లో తన కంచం ముందు కూర్చుని ఇంటి ఓనరును చూసి గట్టిగా నవ్వడానికి అనుమతి దొరికింది. నవ్వింది అప్పాజీని చూసే కదా, పైనున్నాయన అడగడానికేముంది! మీ అమ్మగారు సైగ చేసేది కూడా అందుకే అయి ఉండాలి. ఆ నవ్వు శబ్దానికి ఆమె భయపడలేదు. ఆ నవ్వులో ఉన్నదేమిటో పైనున్నవాళ్ళకు అర్థమవుతుందేమోనని భయపడ్డారు.

మీ ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగిందని నేను చెప్పలేను. కాని ఆ వైపు నుంచి ఒకసారి చూడండి. ‘అమృతం’ టైటిల్ పాటను సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాశారు, కల్యాణి మాలిక్ గారు బాణీ కట్టారు. ఆ పాట ఆంజనేయుల్ని పిలిచి, కష్టాలకు అంతగా బెంబేలు పడవద్దని, ఇవన్నీ వచ్చి పోయేవేనని సముదాయిస్తుంది. పిల్లలు దానిని సరదా పాటగా పాడుకున్నారు. నెలాఖరు చూసిన మగవాడు, ఆడమనిషి దానిని ఇంకొక విధంగా విని ఉంటారు. మీకు ఇప్పుడు ఆ రోజుల్లో మీ నాన్నగారికి ఉన్న వయసుకు దగ్గరి వయసే ఉంటుంది. పిల్ల చదువు, నెల నెలా కట్టవలసిన బాకీలు, ఆఫీసులో పడవలసిన మాటలు మీకూ ఉంటాయి. కాబట్టి ఈసారి చూసేటప్పుడు ‘నాకు నవ్వు వస్తోందా’ అని మిమ్మల్ని మీరు పరీక్షించుకోకండి. ‘ఇక్కడ నాన్న నవ్వి ఉంటారా, నవ్వితే ఎందుకు నవ్వి ఉంటారు’ అని చూడండి. నాన్నగా మీకు ఆయన బాగా తెలుసు. ముప్పై నలభై ఏళ్ళ వయసులో సంసారం ఈదుతున్న ఒక మనిషిగా మీకు తెలిసే అవకాశం రాలేదు. పిల్లలకు అది సాధారణంగా రాదు. ఆయన దేనికి నవ్వారో మీకు కొంతైనా గుర్తుంది కనుక, మీ చేతిలో ఆ దారి ఒకటి ఉంది.

అలా చూస్తే భార్యల మీద జోకుల దగ్గర మీకు ముల్లు గుచ్చుకుంటుంది. ఆయన వాటికి కూడా నవ్వి ఉంటారు కదా అన్న ఆలోచన వస్తుంది. మీ ఒళ్ళు మండడం సబబే. ఆ రోజుల్లో సినిమాల్లోనూ పత్రికల్లోనూ భార్యను గయ్యాళిగానో, చీరల పిచ్చిదానిగానో చూపి నవ్వించడం రోజువారీ సరుకు; ‘అమృతం’ దాని నుంచి పూర్తిగా బయటపడలేదు. ‘ఆ కాలం అలాంటిది’ అని సర్దిచెప్పుకోవాల్సిన పని మీకు లేదు. బాగాలేనిదాన్ని బాగాలేదనే అనుకుని ముందుకు వెళ్ళవచ్చు. ఒకటి మాత్రం గమనించండి. ఈ కథల్లో బోల్తా పడేది ఎప్పుడూ మగవాళ్ళ అతితెలివే. సంజీవని, ఆంజనేయులు భార్య శాంత వద్దన్న పనిని చాటుగా చేసి, దొరికిపోయి, తల దించుకుని నిలబడేది అమృతం, ఆంజనేయులే. ఈ రెండూ ఒకే సీరియల్లో ఉన్నాయి. మీ నాన్నగారు కూడా ఈ రెండింటికీ నవ్వి ఉంటారు. మరీ మింగుడుపడని ఎపిసోడ్ తగిలితే ఆపేసి ఇంకొకటి పెట్టుకోండి, 313 ఉన్నాయి.

జ్ఞాపకం చెడిపోతుందేమోనన్న మీ భయాన్ని నేను తేలికగా తీసిపారేయను. జ్ఞాపకం క్యాసెట్లో రికార్డు చేసి దాచిన బొమ్మలాంటిది కాదని, గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దానిని మళ్ళీ కొత్తగా కట్టుకుంటుందని కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932 నాటికే చూపించాడు. ఆ కట్టుకోవడంలో కొత్త సంగతులు పాతవాటిలో కలిసిపోతాయి. రోజూ అర్ధరాత్రి ఫోనులో చూస్తూ పోతే, కొన్నాళ్ళకు ‘అమృతం’ అనగానే మీకు ఖమ్మం ఇంటి కంటే ఫోను వెలుతురు ముందు గుర్తుకు రావచ్చు. అందువల్ల ఇంకొక ఎపిసోడ్ చూడకముందే ఒక పని చేయండి. కాగితం మీద, మీ చేతి రాతతో, ఆ గదిని రాసి పెట్టండి. టీవీ ఏ గోడకు ఉండేది, ఏ కంపెనీది, దాని మీద ఏం కప్పేవారు, ఎవరు ఎక్కడ కూర్చునేవారు, ఆదివారం రాత్రి కంచంలో ఏముండేది, ప్రకటనలు వచ్చినప్పుడు ఎవరు లేచేవారు, కరెంటు పోతే నాన్న ఏమనేవారు, కిటికీలోంచి ఏ వాసన వచ్చేది. గుర్తులేని చోట ఖాళీ వదలండి, ఊహించి పూరించకండి. మీ అక్కగారిని కూడా మీరు రాసినది చూపకుండా విడిగా రాయమనండి. ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుంటే ఒకరికి గుర్తున్నది ఇంకొకరికి లేకపోవడం, ఒకే సంగతి ఇద్దరికీ రెండు విధాలుగా గుర్తుండడం కనబడుతుంది. ‘నేను చూడలేను’ అన్న మనిషి రాయగలరు. రాయడానికి పాట వినక్కర్లేదు.

అమ్మాయి గురించి మీరు బాధపడవలసినదేమీ లేదు. ఆ పిల్ల తప్పేమీ అడగలేదు. నాటకం నుంచి వచ్చిన మన హాస్యంలో నటులు వెనక బెంచీ దాకా వినబడేలా మాట్లాడతారు; చెవి దగ్గర మెల్లగా మాట్లాడే వీడియోలకు అలవాటు పడ్డ పిల్లకు అది అరుపుగానే వినిపిస్తుంది. పైగా ఆమెను కూర్చోబెట్టి మీరు తెర వైపు చూసి ఉండరు, ‘నవ్వుతోందా లేదా’ అని ఆమె ముఖం వైపు చూసి ఉంటారు. ఎంత చిన్నపిల్లకైనా ఆ చూపు తెలుస్తుంది, దాని బరువూ తెలుస్తుంది. మళ్ళీ పిలవకండి, జోకులను విడమరిచి చెప్పకండి. మీరు హాల్లో పెట్టుకుని చూస్తూ ఉండండి. ఆ పిల్ల అటూ ఇటూ తిరుగుతూ సర్వం చేసే ఏదో ఒక తలతిక్క పనికి ఆగితే ఆగుతుంది. ఆగకపోతే ఆమెకు తాతయ్య సంగతులు చెప్పడానికి వేరే మార్గాలు చాలా ఉన్నాయి. ‘అమృతం’ నచ్చకపోవడం తాతయ్య నచ్చకపోవడం కాదని ముందు మీ మనసుకు మీరు చెప్పుకోండి.

మీ అమ్మగారి విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. పాట మొదలవగానే ఆమె లేచి వెళ్ళిపోవడాన్ని మీరు దుఃఖంగా అనుకుంటున్నారు, అది అయి ఉండవచ్చు. కాని ఆరేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఆ నవ్వును ఆపుతూ కూర్చున్న మనిషి ఆమె. ‘ఇంకాస్త నవ్వనిస్తే ఏం పోయేది’ అన్న బాధ కూడా ఆ లేవడంలో ఉండవచ్చు. ఏది నిజమో ఆమె చెబితే తప్ప మనకు తెలియదు. ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టే ప్రయత్నం చేయకండి, ‘ఎందుకు వెళ్ళిపోతున్నావు’ అని నిలదీయకండి. తీరికగా కూర్చుని ఏ చిక్కుడుకాయలో వలుస్తున్నప్పుడు సీరియల్ మాట ఎత్తకుండా ఆ ఇంటి గురించి అడగండి. ఆ ఓనరు ఎలాంటివారు, అద్దె ఎంత కట్టేవాళ్ళం, నాన్న నవ్వు విని పైవాళ్ళు ఎప్పుడైనా ఏమైనా అన్నారా, ఆ ఇల్లు ఎందుకు ఖాళీ చేశాం. మీరు పదేళ్ళ పిల్లగా ఉన్నందువల్ల ఆ ఇంటి లెక్కలన్నీ మీకు తెలియకుండా ఆమె, ఆయన ఇద్దరే మోశారు. ఆ లెక్కలు తెలిసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కరే. ఆమె చెబితే వినండి, మాట మారిస్తే మీరూ మార్చండి. ఇంకో రోజు అడగవచ్చు.

మీవారు ‘మానెయ్యి’ అనడం మీ మీద విసుగుతో అని నాకు తోచలేదు. భార్య అర్ధరాత్రి మేలుకుని కళ్ళు తుడుచుకుంటూ ఫోను చూస్తుంటే ఎవరైనా అదే అంటారు. ఆయనకు ఖమ్మం ఇంటి సంగతి, పైనున్న ఓనరు సంగతి, అమ్మ సైగ సంగతి మీరు ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? నాకు రాసినంత వివరంగా ఆయనకూ చెప్పండి. ఫోనులో చూడడం మాత్రం ఈ రాత్రి నుంచే ఆపేయండి. ఆ ఒక్క విషయంలో ఆయన మాటే సరైనది.

వారానికి ఒక్కటి, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, హాల్లో టీవీలో, శబ్దం పెంచి చూడండి. ఒకటి అయిపోగానే రెండోది దానంతటదే మొదలవకుండా యూట్యూబులో ఆటోప్లే ఆపు చేసుకోండి. మనకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే డాలస్‌లో వాళ్ళ వేసవి కాలపు లెక్కన ఆదివారం ఉదయం పది, చలికాలంలో తొమ్మిది. మీ అక్కగారికి సెలవు రోజే. ఆమె చూడలేకపోతే ఎపిసోడ్ అయిపోయాక ఫోను చేసి, ఈ వారం కథ ఏమిటో చెప్పి, నాన్న ఎక్కడ నవ్వి ఉండేవారో ఆమెను అడగండి. ముందుగా మీ ఇద్దరికీ గట్టిగా గుర్తున్న నాలుగైదు కథలు రాసుకుని వాటితో మొదలుపెట్టండి. ఎపిసోడ్ సంఖ్యలు గుర్తులేకపోయినా ఫరవాలేదు, కథలోని ఒకటి రెండు ముఖ్యమైన మాటలను ‘అమృతం’ పేరుతో కలిపి వెతికితే చాలావరకు దొరుకుతాయి.